ఆకలి సెంటర్ ఉన్నట్టా, లేనట్టా? ఆనంద్ గారి ఎలుకలు, మీ అమ్మగారి ఆకలి

మీరు అడిగింది రెండు ముక్కలు. ఎంబీబీఎస్ ఫస్టియర్ ఫిజియాలజీలో మెదడు అడుగున ఉండే 'హైపోథలామస్ పక్క భాగంలో ఫీడింగ్ సెంటర్ (తినమని చెప్పే చోటు), మధ్య భాగంలో సెటైటీ సెంటర్ (ఇక చాలని చెప్పే చోటు)' అని చదివారు. నెట్‌లో ఎవరో అదంతా పాత చింతకాయ పచ్చడి, అలాంటి సెంటర్లేవీ లేవు అన్నారు. ఏది నిజం అన్నది మొదటి ప్రశ్న. దాని కిందే ఇంకో వాక్యం రాశారు. షుగర్ ఉన్న మీ అమ్మగారికి టిఫిన్ చేసిన రెండు మూడు గంటలకే తట్టుకోలేనంత ఆకలి వేస్తోందని, నోరు కట్టుకోలేకపోతోందని నాన్నగారు రోజూ కోప్పడుతున్నారని, ఇది నిజంగా మనసు అదుపులో లేకపోవడమేనా అని. మొదటిది పరీక్ష కోసం అడిగారు. మీకు నిద్ర పట్టనివ్వంది రెండోదేనని నాకనిపించింది. రెండింటికీ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది కాబట్టి కలిపే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్తాను. పుస్తకంలో ఉన్న ప్రయోగం నిజం. 'సెంటర్' అన్న పేరే దానికి సరిపోదు. ఆకలి ఎప్పుడు వేయాలో, ఎంత వేయాలో తేల్చేది మెదడు. కడుపు, పేగులు, ఒంట్లో కొవ్వు, రక్తంలో గ్లూకోజు రాత్రీ పగలూ దానికి కబుర్లు పంపుతూనే ఉంటాయి. ఆ కబురు తేడాగా వెళ్తే ఎంత నిగ్రహం ఉన్న మనిషికైనా ఆకలి వేసి తీరుతుంది. మీ అమ్మగారి విషయంలో మొదట చేయాల్సింది, ఆకలి వేసిన ఆ నిమిషంలోనే గ్లూకోమీటర్‌తో షుగర్ చూడటం. ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు నాది ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల జబ్బుల ప్రాక్టీసు. అంతకు ముందు ఒక మెడికల్ కాలేజీలో ఆరేళ్ళు ఫిజియాలజీ ట్యూటర్‌గా చేశాను. ఈ చాప్టర్ ప్రతి ఏడూ నేనే చెప్పేవాణ్ణి. ఆ రోజు అనాటమీ వాళ్ళనడిగి, నిలువునా సగానికి కోసిన మెదడు ఒకటి ట్రేలో తెచ్చుకునేవాణ్ణి. ఫార్మలిన్ ఘాటుకి ముందు బెంచీ వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటు ముందుంటుంది, శనగగింజల్లాంటి మామిల్లరీ బాడీస్ వెనకుంటాయి. ఆ రెండింటి మధ్యా చూపుడువేలి కొన ఆనిస్తే హైపోథలామస్ దాదాపు మొత్తం దాని కిందకు వచ్చేసేది. పెద్దవాళ్ళలో దాని బరువు నాలుగు గ్రాములు. ఒంటి వేడి, దాహం, నిద్ర, నెలసరి, ఆకలి అన్నిటి లెక్కా ఆ కాస్త జాగాలోనే నడుస్తుంది. అది చూపించాక మాత్రం ఎవరూ ముక్కు మూసుకునేవారు కాదు, వంగి చూసేవారు.

కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి అంటాం కదా. వందేళ్ళ కిందట శాస్త్రవేత్తలూ ఇంచుమించు అలాగే అనుకున్నారు. 1912లో హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ దగ్గర పనిచేసే వాష్‌బర్న్ ఒక రబ్బరు బెలూన్ మింగి కడుపు కదలికలు రికార్డు చేయించుకున్నాడు. ఆకలి నొప్పి వచ్చినప్పుడల్లా కడుపు బిగుసుకుంటున్నట్టు గీతల్లో కనిపించింది. కాబట్టి ఆకలి కడుపులోనే పుడుతుందన్నారు. కానీ కడుపు మొత్తం ఆపరేషన్‌లో తీసేసిన మనిషికి కూడా ఆకలి వేస్తోందని 1931లో వాంగెన్‌స్టీన్, కార్ల్‌సన్ రాశారు. కడుపు లేదు, ఆకలి ఉంది. మరి అది ఎక్కడ పుడుతున్నట్టు?

1940లో హెదరింగ్టన్, రాన్సన్ అనే ఇద్దరు ఎలుకల హైపోథలామస్ మధ్య భాగాన్ని రెండు వైపులా దెబ్బతీస్తే అవి విపరీతంగా ఒళ్ళు చేశాయి. తృప్తి చెప్పే చోటు పోయింది కాబట్టి ఆగకుండా తింటున్నాయి అన్న ఆలోచన అక్కడ మొదలైంది. తినమని చెప్పే చోటు ఏదన్న ప్రశ్న అలాగే మిగిలింది.

దాన్ని చూపించింది మన దేశపు డాక్టరు, బాల్ కృష్ణ ఆనంద్. మీ పుస్తకంలో 'ఆనంద్ అండ్ బ్రోబెక్, 1951' అని ఒక్క లైనులో ఉండి ఉంటుంది. ఆ లైను దగ్గర కాసేపు ఆగండి. ఆనంద్ గారు లాహోర్‌లో పుట్టారు. రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద యేల్ యూనివర్సిటీకి వెళ్ళి జాన్ బ్రోబెక్ దగ్గర చేరారు. ఎలుక తలను హార్స్‌లీ-క్లార్క్ అనే చట్రంలో కదలకుండా బిగించి, పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి, సన్నని ఎలక్ట్రోడ్‌ను లెక్క ప్రకారం మిల్లీమీటర్లలో కిందకు దించేవారు. కొద్దిగా కరెంటు పంపితే ఆ కొన చుట్టూ ఉన్న కాస్త భాగం మాత్రం చచ్చిపోతుంది. మధ్య భాగానికి సరిగ్గా పక్కన రెండు వైపులా ఇలా చేస్తే, ఎలుక తిండి పూర్తిగా మానేసింది. ఎదురుగా తిండి ఉన్నా ముట్టదు. వదిలేస్తే అలాగే మాడి చచ్చిపోతుంది. ఒక్క వైపే దెబ్బతీస్తే ఏమీ కాలేదు, మామూలుగా తిన్నది.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది దీని తర్వాతి ముక్క. అంతకు ముందే మధ్య భాగం దెబ్బతిని, అదే పనిగా తింటున్న ఎలుకల్లో కూడా ఈ పక్క భాగాన్ని దెబ్బతీశారు. అవీ తినడం మానేశాయి. అంటే తినమనే ప్రేరణ పక్క భాగంలో ఉంది, మధ్య భాగం దానికి పగ్గం వేస్తోంది అని ఆనంద్, బ్రోబెక్ అర్థం చెప్పారు. బండి లేకపోతే పగ్గం తెగినా ఒకటే, ఉన్నా ఒకటే.

తర్వాత ఆయన ఢిల్లీకి తిరిగొచ్చారు. 1955లో దువా అనే తోటి పరిశోధకులతో కలిసి, పిల్లుల్లో అదే చోట స్వల్పంగా కరెంటు పంపి ప్రేరేపిస్తే తినడం మొదలుపెడతాయని చూపించారు. పిల్లుల్లో, కోతుల్లో కూడా ఎలుకల్లాంటి ఫలితాలే వచ్చాయి. ఎయిమ్స్ పెట్టాక అక్కడి ఫిజియాలజీ విభాగానికి తొలి అధిపతి ఆయనే. 1961లో ఆహారంపై నరాల అదుపు గురించి అప్పటిదాకా తెలిసినదంతా ఒక పెద్ద సమీక్షగా రాశారు. 1962లో ఛీనా, బల్దేవ్ సింగ్‌లతో కలిసి సైన్స్ పత్రికలో వేసిన పేపరు మీ అమ్మగారి విషయానికి నేరుగా వచ్చి తగులుతుంది. రక్తంలో గ్లూకోజు పెంచితే మధ్య భాగంలో విద్యుత్ చలనం పెరిగింది, పక్క భాగంలో తగ్గింది. అంటే హైపోథలామస్ రక్తంలోని చక్కెరను 'రుచి చూస్తోంది'. గ్లూకోజు ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, కణాలు దాన్ని ఎంత వాడుకోగలుగుతున్నాయన్నది కూడా లెక్కలోకి వస్తుందన్న ఆలోచన ఆ రోజుల్లోనే ఉంది. షుగర్ జబ్బులో రక్తం నిండా గ్లూకోజు ఉన్నా మనిషి ఆకలితో అల్లాడటానికి కారణం అక్కడే ఉంది.

ఇక నెట్‌లో ఆ మనిషి అన్న మాటకు వద్దాం. ఆయన పూర్తిగా తప్పేమీ అనలేదు. 1954లోనే టైటెల్‌బామ్, స్టెల్లార్ అనే ఇద్దరు ఈ తిండి మానేసిన ఎలుకలను చావనివ్వకుండా గొట్టంతో పాలు పోసి బతికించారు. కొన్నాళ్ళకు అవి ముందు చాక్లెట్, పాలు లాంటి రుచిగా, తడిగా ఉండేవి నాకడం మొదలుపెట్టాయి. చివరికి మామూలు ఎండు మేత కూడా తిన్నాయి. సెంటరే పోయి ఉంటే మళ్ళీ తినకూడదు కదా. ఆ తర్వాత 1970ల్లో ఇంకో సంగతి బయటపడింది. ఆ పక్క భాగం గుండా వేరేచోటికి వెళ్ళే నరాల కట్ట ఒకటి ఉంది, డోపమీన్ అనే రసాయనంతో కబుర్లు పంపేది. కరెంటు పెట్టినప్పుడు అదీ తెగిపోతోంది. ఎలుక తినకపోవడంలో దానిదీ పెద్ద పాత్రే. తినడం ఒక్కటే కాదు, ఏ పనికీ కదలబుద్ధి కాని స్థితి అది. ఊరి మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిస్తే దాని మీదుగా పక్క ఊరికి వెళ్ళే లైను కూడా పోయినట్టు.

అయినా ఆనంద్ గారి పని చెల్లకుండా పోయిందనుకోవద్దు. చోటు ఆయన సరిగ్గానే పట్టారు. ఆ చోట ఏ కణం ఏం చేస్తోందో చూడటానికి అప్పట్లో పనిముట్లు లేవు. అవి వచ్చాక కథ ఇంకా అందంగా తేలింది.

1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును పట్టుకుంది. కొవ్వు కణాలు రక్తంలోకి వదిలే హార్మోన్ ఇది. 'నిల్వలు ఉన్నాయి, కంగారు పడక్కర్లేదు' అని మెదడుకు చెప్పే కబురు. ఇది పుట్టుకతోనే లేని పిల్లలను 1997లో ఇంగ్లండ్‌లో గుర్తించారు. పాకిస్తాన్ మూలాలున్న కుటుంబం, దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళు. మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి, రెండేళ్ళు నిండకుండానే విపరీతంగా ఆకలేసి బరువెక్కే బిడ్డ నా ఓపీకి వస్తే తల్లిదండ్రుల చుట్టరికం తప్పకుండా అడుగుతాను. అలాంటి ఒక తొమ్మిదేళ్ళ పాప బరువు 94 కిలోలు. సదాఫ్ ఫారూఖీ, స్టీఫెన్ ఓ'రాహిలీ బృందం ఆమెకు రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇచ్చింది. ఏడాదిలో 16 కిలోలు తగ్గింది, తిండి దగ్గర ఆ ఆత్రం పోయింది. 1999లో ఇది అచ్చయింది. ఆ పాప సంకల్పం ఏమీ మారలేదు. మెదడుకు అందని కబురు ఒకటి అందింది, అంతే.

(మామూలు ఊబకాయానికి లెప్టిన్ పనిచేయదు. వాళ్ళలో అది ఇప్పటికే ఎక్కువగా ఉంటుంది, మెదడు దాన్ని సరిగా వినదు. నెట్‌లో 'లెప్టిన్ పౌడర్లు' అమ్ముతారు, కొనొద్దు.)

లెప్టిన్ కబురు చేరేది హైపోథలామస్ అడుగున ఉండే ఆర్క్యుయేట్ న్యూక్లియస్‌కి. అక్కడ ఏజీఆర్‌పీ అనే న్యూరాన్లు ఆకలిని పెంచుతాయి, పక్కనే ఉండే పీఓఎంసీ న్యూరాన్లు తగ్గిస్తాయి. 2005లో ఎదిగిన ఎలుకల్లో ఏజీఆర్‌పీ కణాలను మాత్రమే చంపితే అవి తిండి మానేశాయి, అచ్చం 1951 నాటి ఎలుకల్లాగే. 2011లో స్కాట్ స్టెర్న్‌సన్ బృందం కడుపు నిండిన ఎలుకల్లో ఈ కణాలను వెలుగుతో ప్రేరేపిస్తే నిమిషాల్లో ఆవురావురుమని తిన్నాయి. ఎనిమిది వందల కణాలు చాలాయి! ఆ కణాల తీగలు వెళ్ళే చోట్లలో ఆనంద్ గారు గుర్తించిన పక్క భాగం కూడా ఒకటి.

2015లో జాకరీ నైట్ బృందం చూసింది ఇంకా ఆశ్చర్యం. ఆకలిగా ఉన్న ఎలుకకు మేత కనిపించగానే, ఒక్క ముద్ద కూడా లోపలికి పోకముందే, ఈ ఆకలి కణాలు నెమ్మదించాయి. మెదడు రాబోయే భోజనాన్ని ముందే లెక్క కడుతోందన్నమాట. పోపు వాసన తగలగానే ఇంట్లో పిల్లల పేచీ ఎందుకు తగ్గుతుందో దీంతో పూర్తిగా తేలిపోయిందని అనను. కానీ చదివిన రోజు నాకు మా వంటిల్లే గుర్తొచ్చింది.

నరాల సంగతి కొంచెం. కడుపు నుంచి, పేగుల నుంచి మెదడుకు పోయే పెద్ద దారి వేగస్ నరం. మెదడు ఆజ్ఞలు కిందికి మోసే నరం అని పిల్లలు రాస్తుంటారు గానీ అందులో ఎక్కువ తీగలు కింది నుంచి పైకి వార్తలు మోసేవే. కడుపు సాగిన సంగతి, పేగులోకి కొవ్వు, మాంసకృత్తులు వచ్చిన సంగతి దీని ద్వారానే మెదడు కాండానికి చేరుతుంది. పేగు వదిలే సీసీకే అనే హార్మోన్ ఎలుకల భోజనాన్ని తగ్గిస్తుందని 1973లో గిబ్స్, స్మిత్ చూపించారు. అది పనిచేసేది కూడా ఈ వేగస్ మీదుగానే. ఖాళీ కడుపు వదిలే గ్రెలిన్ ఆకలిని పెంచుతుంది, దాన్ని 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఇప్పుడు అందరూ అడుగుతున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ పేగు హార్మోన్ జీఎల్‌పీ-1కి నకలు. బరువు తగ్గడంలో దాని అసలు పని మెదడులోనే. నా పేషెంట్లలో వాడేవాళ్ళు చాలామంది మొదటి నెలలో ఒకటే మాట అంటారు: 'తిండి గురించిన ఆలోచనే రావట్లేదండీ'.

ఇదంతా జంతువుల మాట అనుకోకుండా ఒక పిల్లవాడి గురించి చెప్తాను. పన్నెండేళ్ళు. హైపోథలామస్ దగ్గర గడ్డ వస్తే ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది. ఆరు నెలల్లో పద్దెనిమిది కిలోలు పెరిగాడు. స్కూల్లో పక్కవాళ్ళ టిఫిన్ డబ్బాలు తెరుస్తున్నాడని ఫిర్యాదు. వాళ్ళమ్మ వంటింటికి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని నా గదిలోకి వచ్చింది. రాత్రి బియ్యం డబ్బా మూత చప్పుడైతే లేచి చూశానని, పచ్చి బియ్యం నములుతున్నాడని చెప్పి ఏడ్చింది. ఆ పిల్లవాడు తల వంచుకుని తన గోళ్ళు చూసుకుంటున్నాడు. ఎమ్మారై ఫిల్ము లైటు బాక్సు మీద పెట్టి, హైపోథలామస్ ఉండాల్సిన చోటు వాళ్ళిద్దరికీ చూపించి, 'ఇక్కడ దెబ్బ తగిలింది, నీ తప్పేమీ లేదు నాన్నా' అన్నాను. అప్పుడు మొదటిసారి తలెత్తి నా వైపు చూశాడు. అతని బరువు మేము పూర్తిగా అదుపు చేయలేకపోయాం. ఇంట్లో కొట్టడం మాత్రం ఆ రోజుతో ఆగింది.

ఇక మీ అమ్మగారు. చూడకుండా జబ్బు ఇదీ అని చెప్పలేను, చెప్పకూడదు. కానీ మీరు రాసినట్టే, టిఫిన్ అయిన కాసేపటికే ఆకలి అంటూ వచ్చిన ఒక టీచరమ్మ కేసు చెప్తాను. యాభై రెండేళ్ళు. సరిగ్గా పదకొండు గంటలకు, మూడో పీరియడ్‌లో, చేతులు వణికేవి, చెమట పట్టేది, ఏదో ఒకటి తినకపోతే నిలబడలేకపోయేది. బ్యాగులో ఎప్పుడూ బిస్కెట్ పాకెట్. భర్త 'తిండి యావ' అనేవాడు. చివరికి ఆవిడే ఆ మాట నమ్మేసింది, నా దగ్గర కూర్చుని 'నాకే సిగ్గు లేదండీ' అంది. ఫాస్టింగ్, భోజనం తర్వాత రీడింగులు రెండూ బాగానే ఉన్నాయి. పదకొండుకి ఎవరూ చూడలేదు. మీటర్ స్కూలుకి తీసుకెళ్ళి ఆ నిమిషంలో చూడమన్నాను. మూడు రోజులు వరసగా 58, 61, 55. ఉదయం వేసుకునే గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర మోతాదు ఆవిడకు ఎక్కువైంది, టిఫిన్ ఏమో రెండు ఇడ్లీలే. గ్లూకోజు పడిపోతోందని హైపోథలామస్ గగ్గోలు పెడుతుంటే బిస్కెట్ తినడం తప్పెలా అవుతుంది? మోతాదు తగ్గించాం. రెండు వారాల్లో పదకొండు గంటల ఆకలి పోయింది.

మీ అమ్మగారిది ఇదే కావచ్చు, పూర్తిగా దీనికి వ్యతిరేకం కూడా కావచ్చు. షుగర్ 250, 300 ఉన్నవాళ్ళకీ ఇలాగే ఆకలేస్తుంది, ఎందుకంటే ఆ గ్లూకోజు కణాల్లోకి సరిగా వెళ్ళదు. పైకి ఆకలి ఒక్కలాగే కనిపిస్తుంది, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. అందుకే ఊహించకుండా మీటర్‌తో చూడమంటున్నాను. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, స్టెరాయిడ్ మాత్రలు, కొన్ని మానసిక వైద్యపు మందులు, సరిగా నిద్రపోకపోవడం కూడా ఆకలిని పెంచుతాయి. ఆవిడ వేసుకునే మందులన్నీ, ఆయుర్వేదం పేరుతో తెచ్చినవి కూడా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

రీడింగు 70 కంటే తక్కువ వస్తే ఆలస్యం చేయకుండా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటకు మళ్ళీ చూడండి. అప్పటికీ పెరగకపోతే మళ్ళీ ఇవ్వండి, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. మందులు మీ అంతట మీరు ఆపడం, తగ్గించడం వద్దు. మీరు ఇంకా ఫస్టియర్‌లోనే ఉన్నారు, ఆ తొందర నాకు తెలుసు.

పరీక్షలో ఏం రాయాలంటారా? సెంటర్ల బొమ్మ వేసి, ఆనంద్, బ్రోబెక్ ప్రయోగం రాసి, దాని కింద 'ఇప్పటి అవగాహనలో ఇవి ఒక వలలో భాగాలు' అని ఆర్క్యుయేట్, లెప్టిన్, వేగస్ మూడూ కలిపి ఒక ఫ్లో చార్టు వేయండి. వైవాలో ఎగ్జామినర్ పాతకాలం వారైనా, కొత్తవారైనా కాదనరు.

మీ నాన్నగారితో వాదించకండి. మీటర్ ఆయన చేతికే ఇచ్చి, అమ్మకు ఆకలేసినప్పుడల్లా ఆయన్నే చూడమనండి. టైము, రీడింగు, అంతకు ముందు ఏం తిన్నారు, మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఈ నాలుగూ వారం రోజులు ఒక కాగితం మీద రాయించండి. ఆ కాగితం మీ డాక్టరుకు చూపించాక, ఏమన్నారో ఇక్కడ రాయండి. నేను చూస్తాను.